గుమ్మంలో కంబళి

కంబళి ఎవరిది కట్టాలన్న దగ్గరే మొదటి రగడ లేచింది.

"నాది కట్టండి," అంది వెర్నా. ఏడు నెలలు మగ్గం ముందు కూర్చుని నేసిన కంబళి అది. ఎరుపు, నలుపు, గొర్రెపిల్ల పుట్టినప్పటి తెలుపు. ఒక్క పోగు కూడా కొన్నది కాదు.

"అంత మంచిది గుమ్మానికెందుకక్కా? దుమ్ము కొట్టుకుపోతుంది," అంది చెల్లెలు లవీనా, ఫీనిక్స్‌లో కొన్న మిల్లు దుప్పటి మడత విప్పుతూ.

"దుమ్ము పడితే దులుపుకుంటాను. నువ్వు దుమ్మెత్తి పోయకుండా ఉంటే అదే పదివేలు."

పొయ్యి పక్కన గొర్రెతోలు మీద కూర్చున్న తల్లి దెజ్బా తలెత్తింది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఆవిడ కదిలినప్పుడల్లా నడుముకు కట్టిన వెండి మువ్వ సన్నగా మోగుతుంది. కూతుళ్లిద్దరూ చెరొకటీ ఎత్తి పట్టుకుని బట్టల కొట్టు గుమాస్తాల్లా ఆవిడ ముందు నిలబడ్డారు.

దెజ్బా వెర్నా వైపు గడ్డం ఎత్తింది. "ఇది ఎవరిది?"

వెర్నా ఎత్తి పట్టుకున్న కంబళి దించేసింది. ఈ మెట్లమెట్ల నమూనా తల్లి నేర్పిందే. పదేళ్ల వయసులో వేళ్ల మీద మగ్గం దువ్వెనతో కొట్టి మరీ నేర్పింది. దాన్ని పట్టుకుని ఎవరిదంటుందా? పైగా ఆ మిల్లు దుప్పటి ఎవరిదని మాత్రం అడగలేదు. అంటే అది ఎవరిదో బాగా తెలుసన్నమాట!

అక్కాచెల్లెళ్ల మధ్య అక్కసు ఎవరికి ఎక్కువంటే, ఆ మాటలో చెల్లెలు లేదు, అక్కే ఉంది. వెర్నా వయసు యాభై నాలుగు. అందులో గత రెండేళ్లూ ఆమె అన్నం కంటే అక్కసే ఎక్కువ తింది.

"రెండూ కట్టండి," అన్నాడు హోస్కీ, విసుగు లేకుండా. "బయటి వైపు దుమ్ముకు చెల్లెలిది. లోపలి వైపు మర్యాదకు అక్కది. నాకు కాఫీ."

హోస్కీ నాటానీ. అంటే చాప్టర్ అనే నవాహోల ఊరి సభలో ఊరంతా చేతులెత్తి ఎన్నుకున్న తగువు తీర్చే పెద్దమనిషి. చెప్పింది మనసులో నాటేదాకా వదలడు గనక మనం ఆ పేరును అలాగే గుర్తుపెట్టుకోవచ్చు. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపాడు. దెజ్బాదీ ఆయనదీ ఒకే వంశం, చేదునీళ్ల వంశం. ఆ లెక్కన ఈ అక్కాచెల్లెళ్లకు మేనమామ. ఆ వంశంలో నీళ్లు చేదో కాదో ఎవరూ రుచి చూడలేదు గానీ, వెర్నా నోరు రుచి చూడనివాడు మాత్రం ఆ లోయలో లేడు.

కంబళి కట్టింది వెర్నా భర్త ఎల్వుడ్ కోసం. హోగన్ అనే ఆ దుంగల ఇంటికి తూర్పున ఉన్నది ఒక్కటే గుమ్మం. ఆ గుమ్మం బయట బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడతను. అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూడకూడదని వాళ్ల నమ్మకం. చూస్తే కళ్లు పోతాయి. ఇరవై తొమ్మిదేళ్లుగా దెజ్బా మువ్వ చప్పుడు వినపడగానే ఎల్వుడ్ టోపీ మొహం మీదకు లాగేసుకుంటాడు. ఆ టోపీ అంచు అరిగిపోయింది గానీ ఆ అలవాటు అరగలేదు.

"వినబడుతోందా, ఎల్వుడ్?" అని అరిచాడు హోస్కీ.

"వినబడుతోంది మామా. లోపల పెద్దావిడ బాగున్నారా అని అడిగానని చెప్పండి."

"బాగానే ఉన్నానని చెప్పు," అంది దెజ్బా, అల్లుడు మూడు బారల దూరంలో ఉన్నా.

"బాగానే ఉందట," అన్నాడు హోస్కీ, ఆ మూడు బారలూ మోస్తూ.

మరోరోజైతే అందరూ నవ్వేవారే. ఇవాళ ఒక్క లవీనా పెదవి మాత్రం కదిలింది. దాన్ని కూడా వెర్నా చూసి, లెక్కలో వేసుకుంది.

హోస్కీ చిన్న తోలుసంచి విప్పి మొక్కజొన్న పుప్పొడి చిటికెడు నాలుక మీద, చిటికెడు నెత్తిన, చిటికెడు గాలిలో వేసి ప్రార్థన చెప్పాడు. సంచి చేతులు మారింది. కంబళి కింద నుంచి ఎల్వుడ్ చెయ్యి లోపలికి వచ్చి, చిటికెడు తీసుకుని, మళ్లీ బయటికి పోయింది.

"పోలీసు బండికి ఫోన్ చెయ్యొచ్చు, చెయ్యలేదు," అన్నాడు హోస్కీ. "కోర్టుకు వెళ్లొచ్చు, వెళ్లలేదు. మంచిది. కోర్టులో ఒకరు గెలిచి లేస్తారు, ఒకరు ఓడి లేస్తారు. ఇక్కడ ఇద్దరూ చుట్టాలుగానే లేవాలి. ఎవరు చెప్పేది వాళ్లు పూర్తిగా చెప్పండి. మధ్యలో ఎవరూ దూరొద్దు. లవీనా, నన్ను పిలిచింది నువ్వు. నువ్వే మొదలుపెట్టు."

"చెప్పడానికేముంది మామా? పోయిన మంగళవారం అక్క దొడ్లోకి వెళ్లి గొర్రెలన్నిటికీ నీలం రంగు పూసేసింది. యాభై రెండు. అందులో నావి పద్నాలుగు, అమ్మవి పది. అన్నీ నావే అంది. నా కుక్క చెవికి కూడా పూసింది."

"అది మధ్యలోకి వచ్చింది!" అంది వెర్నా.

"మధ్యలోకి రావద్దన్నాను కదా," అన్నాడు హోస్కీ. ఆయన అన్నది కుక్కనో వెర్నానో తెలియలేదు.

"నాకు తగువు అక్కర్లేదు," అంది లవీనా. గొంతు సన్నబడింది. "పొద్దున్నే ఎదురుపడితే పలకరించే అక్క కావాలి. అంతే."

అదిగో, అదే. ఆ మెత్తటి గొంతు వింటే వెర్నాకు ఒళ్లు మండుతుంది. ఫీనిక్స్‌లో పద్దెనిమిదేళ్లు ఆసుపత్రి బట్టలు ఉతికి, రెండేళ్ల కిందట రెండు పెట్టెలతో దిగింది. ఉద్యోగం ఊడి వచ్చిందని వెర్నా నమ్మకం. దిగిన నెలలోనే తల్లిని చుట్టేసుకుంది. ఎండాకాలం బావి ఎండితే బండిమీద పీపాలతో నీళ్లు తెచ్చిందెవరు? వెర్నా. చలికి పుట్టిన గొర్రెపిల్లలను కోటులో పెట్టుకుని కాచిందెవరు? వెర్నా. ఇప్పుడు అమ్మ కారెక్కి నవ్వుతూ పోయేది ఎవరితో?

కళ్లు అందరికీ ఉంటాయి. వాటికి ఒక కొమ్ము మొలిస్తే కుళ్లవుతాయి. వెర్నా కళ్లకు పొట్టేలు కొమ్ములంత మొలిచాయి.

"వెర్నా," అన్నాడు హోస్కీ. "నీ వంతు. మెల్లగా."

మెల్లగానే మొదలుపెట్టింది. "శుక్రవారం చాప్టర్ హౌస్‌లో మేత కమిటీ వాళ్ల ముందు అమ్మ వేలిముద్ర వెయ్యబోతోంది. మేత పర్మిట్టు లవీనా పేరున మారుస్తుందట. నాకెవరు చెప్పారు? అమ్మ చెప్పలేదు. ఇది చెప్పలేదు. చాప్టర్ హౌస్‌లో నేల తుడిచే పిల్ల చెప్పింది! పర్మిట్టు లేకపోతే నా గొర్రెలు ఎక్కడ మేస్తాయి మామా? నా నెత్తి మీదా? గొర్రెలు లేకపోతే ఉన్ని లేదు. ఉన్ని లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే నేనెవర్ని?"

పొయ్యిలో జునిపర్ కట్టె చిటపటమంది.

"ప్రతి బుధవారం ఇద్దరూ కారెక్కి పోతారు. ఎక్కడికంటే పనుందంటారు. సాయంత్రం కోడివేపుడు వాసనతో దిగుతారు. అమ్మ ఒకటే నవ్వు. నాతో కూర్చుంటే నడుంనొప్పి, దాంతో కూర్చుంటే నవ్వు! నేనొక్కసారి బండెక్కబోతే సీటు లేదన్నారు. వెనక సీటంతా ఖాళీ మామా! నా కళ్లతో చూశాను, దాని మీద ఒక్క దుప్పటి ఉంది. ఆ మిల్లు దుప్పటి!"

"నీకు సీటు గొడవ చిన్నప్పటి నుంచీ ఉందిలే," అన్నాడు హోస్కీ. "నా బస్సులో నీకు పద్నాలుగేళ్లు, దీనికి ఆరు. కిటికీ పక్క సీటు పట్టుకుని, దాన్ని కూర్చోబెట్టి, నువ్వు రోడ్డు పొడుగునా నిలబడేదానివి. అద్దంలో చూసేవాణ్ణి."

వెర్నా తడబడింది. అది ఆమె మర్చిపోయిన సంగతి. కానీ కోపం జ్ఞాపకం కంటే ముందు నోటికొచ్చింది.

"చూశారా? అప్పటి నుంచీ అంతే! కిటికీ దానికే. అమ్మ దానికే. పర్మిట్టూ దానికే!"

నవాహోలో చుట్టరికాన్ని 'కే' అంటారు. ఆ ఒక్క అక్షరం మీదే వాళ్ల ఇళ్లూ, వాళ్ల చట్టమూ నిలబడతాయి. వెర్నా నోటి నుంచి ఊడిపడిన 'కే' మాత్రం మన తెలుగిళ్లలో వినపడేదే. చుట్టాలను విడగొట్టేది.

"ఒక్కటి అడుగుతాను మామా, ఇక ఊరుకుంటాను." వెర్నా హోస్కీ వైపు తిరిగింది. "నేను రంగు పూసిన మర్నాడు పొద్దున్నే అమ్మ దొడ్లోకి వచ్చింది. గొర్రెల మధ్య నిలబడింది. నేను కంచె పక్కనే ఉన్నా. తిడుతుందనుకున్నా. కర్ర పట్టుకుని తరుముతుందనుకున్నా. అసలు తిట్టించుకోవడానికే పూశాను! ఒక్క మాట అనలేదు. లవీనా గొర్రె చెవి పట్టుకుని నిమిరి, నిమిరి, వెళ్లిపోయింది. నా మీద కోపం కూడా దండగేనా? యాభై రెండు గొర్రెలు ఆకాశం ఊడిపడ్డట్టు నీలంగా నిలబడితే, ఆ నీలం నా పని అని కూడా..."

"ఏ నీలం?"

అడిగింది దెజ్బా.

మధ్యలో మాట్లాడొద్దన్న నియమం దాటింది. హోస్కీ వారించలేదు.

"ఏ నీలం?" అంది మళ్లీ, తల కొంచెం పక్కకు వంచి. వెర్నా వైపు కాదు. వెర్నా గొంతు ఇంతకు ముందు వినపడిన వైపు. వెర్నా మాట్లాడుతూ మాట్లాడుతూ రెండడుగులు పక్కకు జరిగింది.

లవీనా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

వెర్నాకు ఒక్కసారిగా గొర్రె చెవి గుర్తొచ్చింది. ఆ చెవికో గాటు ఉంటుంది. ఎవరి గొర్రెకు ఎలాంటి గాటో తల్లికి తెలుసు. ముద్దుగా నిమిరిందనుకుంది. కాదు. వేళ్లతో చదువుకుంది.

"అమ్మా, ఈ కంబళి..." అని ఆగిపోయింది.

"నాకు ఏదో పెద్ద మచ్చలా కనబడింది. ఎర్రగా," అంది దెజ్బా. "అందుకే అడిగాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"నేను చెప్తానక్కా," అంది లవీనా. "రెండేళ్ల నుంచి. నన్ను రమ్మన్నది అమ్మే. ఉద్యోగం పోయి రాలేదు, మానేసి వచ్చాను. బుధవారాలు కంటి ఆసుపత్రికి. అక్కడ కళ్లకు మందు వేస్తారు, తిరిగొచ్చేటప్పుడు వెలుతురు పడదు, అందుకే అమ్మ వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకునేది. దారిలో నేను ఏం కనబడితే అది చెప్తాను. ఫలానా వాళ్ల మేక లారీ ఎక్కింది, ఫలానా కొట్టు బోర్డులో అక్షరం ఊడింది అని. దానికే నవ్వుతుంది. డాక్టరు పొర అన్నాడు. కోస్తే పోతుందన్నాడు. అమ్మ వద్దంటోంది."

తల్లి కంటికి పొర. అక్కాచెల్లెళ్లకు పొరపొచ్చాలు. మొత్తం కలిపితే రెండేళ్ల పొరపాటు.

అయినా వెర్నాలో కుళ్లు చావలేదు. మంట ఆరింది గానీ నిప్పు ఇంకో మూలకు పాకింది. "దానికి చెప్పావు. నాకెందుకు చెప్పలేదమ్మా? నాలుగడుగుల దూరంలో ఉన్నాను!"

"నీకే చెప్పకూడదు గనక," అంది దెజ్బా.

మువ్వను అరచేత్తో మూసింది.

"రెండు చలికాలాల కిందట మంచు కురిసింది గుర్తుందా? చూడి గొర్రె ఒకటి వాగు వైపు పోతే వెతుక్కుంటూ వెళ్లి లోపల పడ్డాను. కాలు మడత పడింది. ఎంతసేపున్నానో తెలియదు. ఎవరో మగాడు దిగి, నన్ను ఎత్తుకుని పైకొచ్చాడు. మువ్వ నిండా మంచు గడ్డకట్టి మోగలేదు. అతనికి నేనెవరో తెలియలేదు, నాకు అతనెవరో తెలియలేదు. మొహంలో మొహం పెట్టి చూశాను. మంచి మొహం. ఇంటిముందు దించాడు. అప్పుడు నా మొహాన మంచు తుడిచి, చూసి, మంచు రాలి మువ్వ మోగగానే ఉలిక్కిపడి, టోపీ అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి పోయాడు."

ఆవిడ గుమ్మం వైపు తల తిప్పింది.

"నా ముందు అలా నడిచే మగాడు ఈ లోకంలో ఒక్కడే."

కంబళి అవతల బకెట్ కిర్రుమంది.

"ఆ వసంతంలోనే చూపు మసకబారడం మొదలైంది. నీకు చెప్తే ఏమవుతుంది? నీ మొగుడి వల్ల నీ తల్లి గుడ్డిదైందని నువ్వు మొయ్యాలి. లేదా అతన్ని వదిలెయ్యాలి. పర్మిట్టు నీ పేరున రాస్తే నా గొర్రెలూ నీ చేతికిందికొస్తాయి, నేను రోజంతా నీ దొడ్డి పక్కనే ఉండాలి. అక్కడ రోజూ అతను తిరుగుతాడు. మిగిలిన ఈ కాస్త వెలుతురూ పోతుందని భయమేసింది. అందుకే చిన్నదాని పేరు చెప్పాను. ఎక్కువ తక్కువలు కాదే, పిచ్చిదానా."

"ఎల్వుడ్!" వెర్నా గుమ్మం వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

కంబళిని దాటుకుని తగ్గిన గొంతు వచ్చింది.

"ఎత్తుకున్నది నేనేనని తెలుసు. చూశానని తెలుసు. రోజూ పొద్దున్నే నా కళ్లు ఉన్నాయా అని చూసుకునేవాణ్ణి. ఉన్నాయి. ఏమీ కాలేదు గదాని ఊరుకున్నాను. ఆవిడ కళ్ల సంగతి ఇప్పుడే వింటున్నా. మామా, ఆ పెద్దావిడతో చెప్పండి... ఏం చెప్పమనాలో తెలియడంలేదని చెప్పండి."

"ఏం చెప్పాలో తెలియడంలేదట," అన్నాడు హోస్కీ.

"విన్నాను," అంది దెజ్బా.

వెర్నా కూలబడింది. అమ్మకూ లవీనాకూ ఒక రహస్యం. అమ్మకూ ఎల్వుడ్‌కూ ఇంకో రహస్యం. ఊళ్లో అందరికీ అమ్మతో ఏదో ఒకటి ఉంది. తన చేతికి మిగిలింది రంగు డబ్బా ఒక్కటే. మొగుడు మోసుకొచ్చిన తల్లి మీద కూడా ఈర్ష్య పడాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

హోస్కీ చల్లారిన కాఫీ తాగేశాడు.

"దీనికి దారి ఉంది. కొత్తది కాదు, మన అమ్మమ్మల నాటిది. రెండు రోజుల ప్రార్థన. అది ముగిశాక అత్త అత్త కాదు, తల్లి. అల్లుడు అల్లుడు కాదు, కొడుకు. చూసుకున్నా దోషం లేదు. కానీ ముగ్గురు ఒప్పుకోవాలి. అక్కా, నువ్వు?"

"చూసిన మొహమే కదా," అంది దెజ్బా. "ఒప్పుకుంటాను. దోషం పోతే అప్పుడు ఆ కోతకూ ఒప్పుకుంటాను."

"ఎల్వుడ్?"

"నేను ఎప్పుడో..." అన్నాడతను. "ఊఁ."

"మూడోది నువ్వు, వెర్నా. అతన్ని ఈ ఇంటికి తెచ్చింది నువ్వు. ఒప్పుకుంటే పర్మిట్టు మాట మొదటి నుంచీ మాట్లాడుకోవచ్చు. కానీ నీ తల్లి అతనికీ తల్లవుతుంది. లవీనాతోనే పంచుకోలేకపోయావు. ఇంకొకడొస్తాడు. ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదని ఏడ్చావు కదా. ఇదిగో, అడుగుతున్నాను."

వెర్నా తల్లి వైపు చూసింది. అడగకూడదనుకుంది. అడిగేసింది.

"కళ్ల కట్టు విప్పాక ముందు ఎవరి మొహం చూస్తావమ్మా?"

లవీనా అక్క వైపు తిరిగింది.

"గొర్రె మొహం," అంది దెజ్బా. "నువ్వు ఆ నీలం ఎంత దరిద్రంగా పూశావో చూడాలి. ఆ తర్వాత కర్ర అందుకుంటాను. నువ్వు దొరికేంత దగ్గర్లో ఉండు."

హోస్కీ పకపకా నవ్వాడు. లవీనా ఏడుస్తూ నవ్వింది. వెర్నా నవ్వలేదు. రెండేళ్లుగా తిట్టు కోసం మొహం వాచిన మనిషి, తిట్టు దొరికాక ఏం చెయ్యాలో తెలియక చేతుల వంక చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా నీలం ఉంది.

"ఒప్పుకుంటే లోపలి కంబళి నువ్వే విప్పు," అన్నాడు హోస్కీ. "అది నీది. బయటి దుప్పటి ప్రార్థన అయ్యేదాకా ఉంటుంది."

వెర్నా లేచింది. గుమ్మం దగ్గరకు నడిచింది. వెనక తల్లి సర్దుకుని కూర్చుంది. మువ్వ మోగింది.

కంబళి అవతల, ఇరవై తొమ్మిదేళ్ల అలవాటుతో, ఎల్వుడ్ టోపీ మొహం మీదకు లాక్కున్న చప్పుడు వెర్నాకు స్పష్టంగా వినపడింది.

ఆమె వేళ్లు ముడి మీద పడ్డాయి. విప్పడానికా, ఇంకా బిగించడానికా అన్నది ఆ క్షణాన ఆమెకే తెలియలేదు.